బోడితల అందగాళ్లు... మీకు తెలుసా?

మీకు తెలుసా? ఇప్పటిదాకా తెలిసినంతలో అన్నిటికన్నా ఎత్తున ఎగిరిన పక్షి గద్ద కాదు, డేగ కాదు, హంస అసలే కాదు. రాబందు! 1973 నవంబరు 29న ఐవరీ కోస్ట్ దేశంలోని అబిజాన్ మీదుగా వెళ్తున్న విమానాన్ని ఓ పక్షి గుద్దింది. అప్పుడు విమానం ఉన్న ఎత్తు 37,000 అడుగులు. ఎవరెస్టు శిఖరానికి మరో 8,000 అడుగులు పైన! మిగిలిన ఈకల్ని పరీక్షించి అది రూపెల్ రాబందని తేల్చారు. విమానం క్షేమంగా దిగింది. రికార్డు కొట్టిన పక్షికి మాత్రం సన్మానం చేసే వీల్లేకపోయింది.

మీకు తెలుసా? ప్రపంచంలో రాబందు జాతులు 23. మన దేశంలో కనిపించేవి 9. ఆస్ట్రేలియాలో ఎన్ని? సున్నా! అంటార్కిటికాలోనూ సున్నాయే. సిడ్నీలో స్థిరపడిన మేనమామ ఈసారి ఫోన్లో గొప్పలు మొదలుపెడితే ఈ ఒక్క ముక్క అనండి చాలు.

ఆ 23 జాతుల్లో 7 అమెరికా ఖండాలవి, 16 మిగతా ప్రపంచానివి. ఈ రెండు జట్లకూ దగ్గరి చుట్టరికం లేదు! వేరు వేరు వంశాల్లో పుట్టి, ఒకే ఉద్యోగంలో చేరి, ఒకే రూపానికి వచ్చాయి: బోడి తల, వంకీ ముక్కు, వెడల్పాటి రెక్కలు. చేసే పని మనిషిని మారుస్తుందంటారు. పక్షిని కూడా!

రాబందు అనగానే ముఖం చిట్లించారా? మీరొక్కరే కాదులెండి. పక్షుల్ని చూసి పరిణామ సిద్ధాంతాన్నే అల్లిన డార్విన్ అంతటివాడు కూడా బీగిల్ నౌక మీద తిరుగుతూ రాబందు దగ్గరికి వచ్చేసరికి అసహ్యించుకున్నాడు. పాపం ఆయన చేతిలో 600 మిల్లీమీటర్ల లెన్సు లేదు కదా!

అందం సంగతి ఈజిప్టు రాణుల్ని అడగండి. వాళ్లు నెత్తిన పెట్టుకున్న కిరీటం ఏ ఆకారంలో ఉండేదో మీకు తెలుసా? రెక్కలు రెండు చెవుల పక్కగా వాల్చిన రాబందు! నెఖ్‌బెత్ అనే రాబందు దేవత వాళ్లకు కులదైవమంత గొప్పది. టుటంఖామున్ బంగారు ముసుగు ఫొటో ఈసారి చూసినప్పుడు నుదుటి మీద పరీక్షగా చూడండి. నాగుపాము పక్కన తల ఎత్తి కూర్చున్నది రాబందే. నాలుగు వేల ఏళ్లుగా ఫ్యాషన్లో ఉన్న పక్షిని పట్టుకుని వికారి అంటామా!

ఇంకా వెనక్కి వెళ్దామా? టర్కీలోని గోబెక్లి తెపెలో దాదాపు 11,000 ఏళ్ల కిందటి రాతి స్తంభం మీద రెక్క చాచిన రాబందు శిల్పం ఉంది. అప్పటికి కుండ చేయడం కూడా అక్కడివాళ్లకు రాదు. రాబందు బొమ్మ చెక్కడం మాత్రం వచ్చు!

అదీ చాలకపోతే ఇంకో అడుగు. 2008లో జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో ఒక వేణువు దొరికింది. ఐదు రంధ్రాలు. వయసు 35,000 ఏళ్ల పైనే. ప్రపంచంలో దొరికిన అతి పాత వాద్యాల్లో ఒకటి. దేంతో చేశారో మీకు తెలుసా? వెదురుతో కాదు, గ్రిఫన్ రాబందు రెక్క ఎముకతో! రాబందు పాడలేదని ఎవరన్నారు?

నిజానికి అమెరికా రాబందులు పాడలేవు. పక్షులకు గొంతులో ఉండే స్వరపేటిక వాటికి లేనే లేదు. బుస కొట్టగలవు, గుర్రుమనగలవు. అందుకే వాటి వీడియో కన్నా ఫొటో బాగుంటుంది.

ఇప్పుడు కెమెరా సంగతికి వద్దాం. రాబందు ఫొటో తీయాలంటే కోడి కూయకముందే లేవాలా? అక్కర్లేదు! ఇంత బరువున్న పక్షి రెక్కలు కొట్టుకుంటూ ఎగిరితే తిన్నదంతా అందుకే ఖర్చయిపోతుంది. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా అది కొమ్మ మీదే, కొండ అంచు మీదే కూర్చుంటుంది. అంతసేపూ రెక్కలు బార్లా చాపి ఎండకు ఆరబెట్టుకుంటూ పోజు ఇస్తుంది. బద్ధకస్తులైన ఫొటోగ్రాఫర్లకు దేవుడు పంపిన మోడల్!

మీకు తెలుసా? రాబందు తల బోడిగా ఉండటం వల్ల మేలు శుభ్రత ఒక్కటే కాదు. మెడ సాచిందంటే గ్రిఫన్ రాబందు ఒంటి మీద 32 శాతం దాకా చర్మం గాలికి తెరుచుకుంటుంది. మెడ లోపలికి ముడుచుకుందంటే అది 7 శాతానికి దిగుతుంది. 2008లో వచ్చిన ఓ పరిశోధన లెక్క ఇది. చలిలో తీసిన ఫొటోనూ ఎండలో తీసిన ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, రెండూ ఒకే పక్షివంటే మీ ఇంట్లో నమ్మరు.

ఒంటికి చలవ చేసుకోవడానికి ఇంకో ఉపాయం కూడా ఉంది. అమెరికా ఖండాల్లోని టర్కీ రాబందులు తమ కాళ్ల మీద తామే రెట్ట వేసుకుంటాయి! అది ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. మీ ఫొటోలో కాళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా పడ్డాయంటే రంగుల సవరణ మొదలుపెట్టకండి. అదే అసలు రంగు. అంటే... అసలు రంగు కాదు, మీకు అర్థమైంది కదా.

టర్కీ రాబందును బెదిరిస్తే ఏం చేస్తుందో తెలుసా? కడుపులో ఉన్నదంతా మీ వైపు కక్కేస్తుంది. పది అడుగుల దాకా! పెద్ద లెన్సు కొనమని ఇంట్లో ఒప్పించడానికి ఇంతకన్నా గట్టి కారణం ఏముంటుంది?

మీకు తెలుసా? బొమ్మను చూసి మోసపోయిన రాబందులున్నాయి! 1830లలో అమెరికాలో పండితులకు పెద్ద తగువు: రాబందు శవాన్ని కంటితో కనిపెడుతుందా, ముక్కుతోనా? పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ కంటితోనే అన్నాడు. ఆయన మిత్రుడు బాక్‌మన్ చార్లెస్టన్ ఊళ్లో చచ్చిన గొర్రె బొమ్మ ఒకటి గీయించి పెరట్లో పెట్టాడు. రాబందులు దిగి ఆ బొమ్మను పొడవడం మొదలుపెట్టాయి! చిత్రకారుడికి అంతకన్నా మంచి ప్రశంస ఏ కళా విమర్శకుడూ ఇవ్వలేడు.

ఆ తగువు అక్కడ తెగలేదు. బొమ్మను పొడిచినవి నల్ల రాబందులై ఉంటాయి. వాటికి ముక్కు అంత చురుగ్గా పనిచేయదు. టర్కీ రాబందుది మాత్రం అమోఘమైన ముక్కు. 1938లో కాలిఫోర్నియాలో గ్యాసు గొట్టాలు చూసే ఇంజనీర్లు ఒక వింత గమనించారు. గొట్టం ఎక్కడ కారుతుంటే ఆ చోటి మీద టర్కీ రాబందులు గుండ్రంగా తిరుగుతున్నాయి! గ్యాసుకు వాసన రావడానికి కలిపే మెర్‌కాప్టన్‌ వాసన కుళ్లిన మాంసంలోనూ ఉంటుంది మరి. మన వంటింటి సిలిండర్లో కలిపేదీ ఆ కుటుంబానిదే. గ్యాసు కంపెనీకి ఫోన్ చేయకముందే వచ్చి వాలే లైన్‌మ్యాన్!

రాబందును ఫొటో తీయడం సరే, రాబందే ఫొటో తీస్తే? పెరూ రాజధాని లిమాలో అదే జరిగింది. ఎక్కడెక్కడ దొంగచాటుగా చెత్త పారేస్తున్నారో కనిపెట్టడానికి అక్కడి పర్యావరణ శాఖ పది నల్ల రాబందుల ఒంటికి జీపీఎస్ పరికరాలూ కెమెరాలూ కట్టి వదిలింది. అవి చెత్త కోసం వెతుక్కుంటూ పోయాయి, కెమెరాలు వీడియో తీశాయి. జీతం లేదు, బత్తా లేదు, సెలవు చీటీ లేదు!

2011లో సౌదీ అరేబియాలో ఓ గ్రిఫన్ రాబందును పట్టుకున్నారు. దాని నేరమేమిటో తెలుసా? గూఢచర్యం! ఒంటి మీద టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పేరున్న జీపీఎస్ పరికరం, గుర్తుగా ఆర్65 అనే అంకె దొరికాయి. పత్రికలు గగ్గోలు పెట్టాయి. చివరికి సౌదీ రాకుమారుడొకరు ఇది శాస్త్ర పరిశోధన తప్ప మరేమీ కాదని తేల్చి చెప్పాక దానికి విముక్తి దొరికింది. విచారణలో ఎంత గుచ్చి గుచ్చి అడిగినా పక్షి నోరు విప్పలేదట!

మీకు తెలుసా? మేకప్ వేసుకునే రాబందు ఒకటుంది. హిమాలయాల్లో, యూరప్ కొండల్లో ఉండే గడ్డపు రాబందు. ఇనుము కలిసిన ఎర్రమట్టి బురదలో దిగి మెడకూ రొమ్ముకూ పూసుకుంటుంది. పుట్టుకతో ఆ ఈకలు తెలుపే. ఎర్రమట్టి దొరకని జూలో అది తెల్లగానే ఉండిపోతుంది. కోపమో ఉత్సాహమో వస్తే కంటి చుట్టూ ఉన్న ఎర్ర వలయం ఇంకా ఎర్రబడుతుంది. రెక్కలు చాపితే తొమ్మిది అడుగులు. స్పితి లోయలో దీని ఒక్క ఫొటో కోసం ముక్కులు గడ్డకట్టించుకున్న మన తెలుగు కుర్రాళ్లను కదిపి చూడండి. గంటసేపు వదలరు.

ఈ గడ్డపు రాబందు భోజనం ఏమిటో ఊహించండి. మాంసం? కాదు. అందరూ తిని వదిలేసిన ఎముకలు! దాని ఆహారంలో నూటికి 70 పాళ్ల పైన ఎముకలే. చిన్నవైతే అలాగే మింగేస్తుంది. పెద్దవాటిని పైకి ఎత్తుకుపోయి రాళ్ల మీద పడేసి పగలగొడుతుంది. కుర్ర రాబందుకు ఈ విద్య పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. ఎముకను కరిగించడానికి దాని కడుపుకు ఒక రోజు చాలు. మనకు గారెలు రెండెక్కువైతేనే సోడా కావాలి.

పైనుంచి పడేసే ఈ అలవాటు ఒక మహాకవి ప్రాణం తీసిందని పాత కథ. గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ బట్టతలను బండరాయనుకుని ఓ పక్షి ఆకాశం నుంచి తాబేలును జారవిడిచిందట! క్రీస్తుపూర్వం 456లో ఆయన చనిపోయిన మాట నిజం. తాబేలు సంగతికి పూచీ నాది కాదు. అయినా కొండల్లోకి ఫొటోలకు వెళ్లే బట్టతలవారు టోపీ మరవకండి.

స్పెయిన్ దక్షిణాన ఈ రాబందులు ఎప్పుడో మాయమైపోయాయి. గూళ్లు మాత్రం గుహల్లో మిగిలాయి. వాటిని తవ్విన పరిశోధకులు 2025లో ఏం ప్రకటించారో తెలుసా? దాదాపు 675 ఏళ్ల నాటి గడ్డి చెప్పు దొరికిందని! దాంతోపాటు క్రాస్‌బో అనే విల్లు నుంచి వదిలే బాణం ఒకటి, ఎర్ర గీతలు గీసిన తోలు ముక్క ఒకటి. ఆ చెప్పు పోగొట్టుకున్నాయన ఆ రోజు ఇంటికెళ్లి ఏం సంజాయిషీ చెప్పుకున్నాడో పాపం.

మీకు తెలుసా? రాయి విసిరే రాబందు ఉందని ప్రపంచానికి చెప్పినవాళ్లలో ఒకరు ఫొటోగ్రాఫర్! చింపాంజీల పరిశోధకురాలు జేన్ గూడాల్, ఆమె భర్త, ఫొటోగ్రాఫర్ హ్యూగో వాన్ లావిక్ సెరెంగెటీలో చూశారు: ఈజిప్టు రాబందు ముక్కుతో రాయి ఎత్తి నిప్పుకోడి గుడ్డు మీదికి విసురుతోంది. పగిలేదాకా మళ్లీ మళ్లీ! 1966లో నేచర్ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. అంతవరకూ పనిముట్టు వాడే తెలివి ఉందంటే కోతుల్ని తలుచుకునేవాళ్లు. బోడితలలో ఇంత బుర్ర ఉందని ఎవరనుకున్నారు?

ఈజిప్టు రాబందు ముఖం పసుపు రాసుకున్నంత పచ్చగా ఎందుకుంటుందో తెలుసా? పేడ తింటుంది కాబట్టి! పేడలోని కెరోటినాయిడ్లు ముఖానికి రంగునిస్తాయని 2002లో తేల్చారు. ఎంత పచ్చటి ముఖమైతే జోడు దగ్గర అంత పరపతి. ఫేస్‌క్రీముల కంపెనీలు ఈ పేరా చదవకూడదని మనవి.

తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర తిరుక్కళుకున్రం కొండ గుడికి రోజూ మధ్యాహ్నం ఈజిప్టు రాబందుల జంట వచ్చేది. పూజారి చక్కెర పొంగలి పెట్టేవాడు. అవి తిని వెళ్లేవి. తరతరాలుగా భక్తులు ఆ దృశ్యం చూడటానికే కొండ ఎక్కేవారు. 1990లలో అవి రావడం మానేశాయి. పొంగలిలో లోపమేమీ లేదు. లోపం ఎక్కడుందో కాసేపట్లో చెబుతా.

శాకాహారి రాబందు కావాలా? ఉంది! ఆఫ్రికాలోని పామ్‌నట్ రాబందుకు ప్రధాన ఆహారం తాటిజాతి పండ్లు. దాంతో ఒకే బంతిలో కూర్చోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఆండీస్ కొండల కాండోర్ బరువు 15 కిలోల దాకా. రెక్కల వెడల్పు పది అడుగుల పైన. రెక్క కొట్టకుండా అది ఎంత దూరం వెళ్లగలదు? ఒక కిలోమీటరు? పది? 2020లో పరికరాలు కట్టి చూస్తే ఓ కాండోర్ ఐదు గంటల పైన, 172 కిలోమీటర్లు, ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా సాగిపోయింది! అంటే హైదరాబాద్ నుంచి వరంగల్ దాటి ములుగు దగ్గరికి. పెట్రోలు సున్నా.

కొలంబియా, ఈక్వడార్, బొలీవియా, చిలీ: నాలుగు దేశాల రాజచిహ్నాల మీద కాండోరే కూర్చుంది. శవాలు తినే పక్షిని చిహ్నంగా పెట్టుకోవడానికి నాలుగు దేశాలకు సిగ్గు లేనప్పుడు, దాని ఫొటోను గోడకు తగిలించుకోవడానికి మనకెందుకు మొహమాటం?

రాబందుల్లో మగేదో ఆడేదో ఫొటోలో చెప్పగలరా? చాలా జాతుల్లో నిపుణులే తికమకపడతారు. కాండోర్‌లో మగదానికి నెత్తిన జుట్టులాంటి కండ, గోధుమ రంగు కన్ను. ఆడదాని కన్ను ఎర్ర కెంపు. మన ఎర్రతల రాబందులో మగదానికి లేత రంగు కన్ను, ఆడదానికి ముదురు గోధుమ కన్ను. అందుకే ఫొటోగ్రాఫర్లు కంటి మీదే ఫోకస్ పెడతారు. పెళ్లి సంబంధం చూసేవాళ్లకన్నా నిశితంగా!

థావో అనే కాండోర్ 2010లో అమెరికాలోని ఓ జూలో చనిపోయింది. వయసు 79! అది పుట్టిన ఏడాదే మన గాంధీగారు దండి యాత్ర చేశారు.

కాలిఫోర్నియా కాండోర్ల కథ ఇంకా విడ్డూరం. 1987లో ప్రపంచం మొత్తం మీద మిగిలినవి 27. అన్నిటినీ పట్టుకుని సంరక్షణ కేంద్రాల్లో పెట్టారు. పిల్లలకు మనుషుల ముఖం అలవాటు కాకూడదని కాండోర్ తల తొడుగులు చేతికి వేసుకుని మేత తినిపించారు. ఇప్పుడు 500 దాటాయి! ప్రతిదాని రెక్కకూ ఒక నంబరు బిళ్ల. ఫొటో అందం చెడిందని కొందరి గొణుగుడు. ఆ నంబరు పట్టుకుని పక్షి పుట్టుపూర్వోత్తరాలన్నీ చదువుకోవచ్చని తెలిశాక గొణుగుడు ఆపేస్తారు.

వాటిలో రెండు పిల్లలకు తండ్రే లేడని 2021లో జన్యు పరీక్షల్లో తేలింది! తల్లులు ఒంటరివా అంటే అదీ కాదు. మగ కాండోర్లు పక్కనే ఉన్నాయి. ఆ మగవాటి ముఖకవళికల ఫొటో ఎవరూ తీయలేదు.

ఇక మన దేశంలో ఎక్కడికెళ్లాలి? మొదటి పేరు బికనేర్ దగ్గరి జోడ్‌బీడ్. ఊళ్లో చచ్చిన పశువుల్ని, ఒంటెల్ని తెచ్చి పడేసే చోటు. అవును, ఫొటోగ్రాఫర్లు డబ్బులు పెట్టుకుని, టికెట్లు కొనుక్కుని, శవాల దిబ్బకు వెళ్తారు! చలికాలంలో మధ్య ఆసియా నుంచి యురేషియన్ గ్రిఫన్లు, హిమాలయాల నుంచి హిమాలయ గ్రిఫన్లు, పది అడుగుల రెక్కల సినెరియస్ రాబందులు, స్టెపీ డేగలు, లెక్కలేనన్ని ఈజిప్టు రాబందులు. ఒక్క చూపులో అరడజను జాతులు! వాసన సంగతి అడక్కండి. మొదటి అరగంట ముక్కు మూసుకుంటారు. తర్వాత ఎదురుగా వాలుతున్న పక్షిని చూసి రెండు చేతులూ కెమెరాకే కావాలి, ముక్కుకు చేయి మిగలదు. వీధికుక్కల గుంపులతో మాత్రం పక్షులకన్నా మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

శవం దగ్గర రాబందులు తొక్కిసలాట చేస్తాయనుకుంటున్నారా? పెళ్లి పంక్తిలో ఉన్నంత క్రమం ఉంటుంది! గట్టి ముక్కున్న పెద్ద రాబందు తోలు చీలుస్తుంది. పొడుగు మెడ గ్రిఫన్లు లోపలి మాంసం లాగుతాయి. చిన్న ఈజిప్టు రాబందు పక్కన నిలబడి తునకలు ఏరుకుంటుంది. కొండ ప్రాంతమైతే చివరి బంతి గడ్డపు రాబందుది, ఎముకలతో. ఎవరి ముక్కుకు తగ్గ వాటా వాళ్లకు.

గాలి వీపుకు తగిలేలా నిలబడండి. ఎందుకో తెలుసా? పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది. గాలి మీ వెనక నుంచి వీస్తుంటే అది కాళ్లు వేలాడేసి, రెక్కలు గొడుగులా విప్పి మీ ముఖంలోకి చూస్తూ దిగుతుంది. ఇంకో లాభం: కంపు అటే పోతుంది!

ఫొటోలో రాబందు నల్లటి మచ్చగా మిగిలిందా? తప్పు పక్షిది కాదు. వెలుగు నిండిన ఆకాశాన్ని చూసి కెమెరా బెదిరి బొమ్మను చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి. తెల్లటి ఈజిప్టు రాబందు నీడ కొండ ముందు కూర్చుంటే కాస్త తగ్గించండి. కన్ను పాలరాయిలా తెల్లగా పడిందా? అది మూడో రెప్ప! మీరు మీట నొక్కిన క్షణానికే అది కన్ను మూసింది. గ్రూపు ఫొటోలో మన పెదనాన్నలు చేసే పనే.

మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛాలో బేత్వా నది ఒడ్డున బుందేలా రాజుల సమాధి మందిరాలున్నాయి. వాటి శిఖరాల మీద గూళ్లు ఎవరివో తెలుసా? పొడుగు ముక్కు రాబందులవి! రాజులు కింద, రాబందులు పైన, సూర్యాస్తమయం వెనక. ఇంత మంచి ఫ్రేము అడిగితే సినిమా సెట్టువాళ్లు కోట్లు అడుగుతారు.

సినిమా అంటే గుర్తొచ్చింది. షోలేలో గబ్బర్ సింగ్ కూర్చున్న కొండలు ఇప్పుడెవరి అడ్డా? రాబందులది! కర్ణాటకలోని రామనగర దగ్గరి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడున్న రాబందులు ఎన్నని గబ్బర్ గొంతుతో అడిగితే జవాబు విని మీరే దిగులుపడతారు. వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

మన దగ్గర? కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. 2013లో అక్కడ పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. మాయమైపోయాయనుకున్న పక్షి ఇంటి వెనకాలే కాపురం ఉంది! గుట్ట అంచుల మీద తెల్లటి చారలు కనిపిస్తే సున్నం అనుకోకండి. రాబందు ఇంటి చిరునామా అదే.

సికింద్రాబాద్‌లో పార్సీగుట్టకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? పార్సీలు తమవారి పార్థివ దేహాల్ని పక్షులకు అప్పగించే నిశ్శబ్ద గోపురాలు అక్కడే ఉన్నాయి. రాబందులు పోయాక ఎండే ఆ పని చేయాల్సి వచ్చింది. ముంబయిలో అయితే సూర్యకాంతిని కేంద్రీకరించే అద్దాలే పెట్టారు.

పోయాక అన్నాను కదా. ఎన్ని పోయాయో మీకు తెలుసా? ఇక్కడ మాత్రం నవ్వించడం నా వల్ల కాదు. 1980లలో దేశంలో కోట్ల కొద్దీ రాబందులుండేవి. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. వెయ్యి ఉన్నచోట ఒక్కటి! ఏ రోగమో అని ఏళ్ల తరబడి వెతికారు. 2003లో దొంగ దొరికాడు: డైక్లోఫెనాక్. పశువుల నొప్పులకు వాడే చవక మందు. ఆ మందు పడిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై రోజుల్లో ప్రాణం పోతుంది. ఇంకా ఆశ్చర్యం వినండి. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో ఆ మందున్నా చాలు, జాతి కుప్పకూలడానికి! గుంపుగా వచ్చి ఒకే పశువును తినే పక్షులు మరి. తిరుక్కళుకున్రం జంట లాంటివి ఎన్నో అదే కాలంలో కనుమరుగయ్యాయి.

2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. కానీ మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు వెళ్తూనే ఉన్నాయి. 2015లో వాటికీ అడ్డుకట్ట పడింది. 2023లో కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ కూడా పశువుల వాడకం నుంచి తప్పించారు. రాబందుకు హాని చేయని మెలోక్సికామ్ మందు ఎప్పటినుంచో ఉంది. పేరు గుర్తుపెట్టుకోండి, పరీక్షలో వస్తుంది.

రాబందు లేకపోతే మనకేం నష్టమంటారా? 2000 నుంచి 2005 మధ్య, రాబందులు కరువైనందువల్ల మన దేశంలో అదనంగా చనిపోయిన మనుషులు దాదాపు 5 లక్షలు! అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పత్రికలో వచ్చిన లెక్క ఇది. కళేబరాలు కుళ్లి నీళ్లలో కలిశాయి, వీధికుక్కలు పెరిగాయి, రేబిస్ పెరిగింది. రాబందు కడుపులోని ఆమ్లం ఆంత్రాక్స్ క్రిముల్నీ కలరా క్రిముల్నీ కరిగించేస్తుంది. మున్సిపాలిటీ దగ్గర అలాంటి యంత్రం లేదు.

ఇన్నిటి మధ్య లోకంలో బాగా పేరుపడ్డ రాబందు ఫొటో ఏది? 1993లో సుడాన్ కరువులో కెవిన్ కార్టర్ తీసినది. నేల మీద కూలబడ్డ పసివాడు, వెనక రాబందు. 1994లో పులిట్జర్ వచ్చింది. ఆ ఏడాదే ఫొటోగ్రాఫర్ ప్రాణం తీసుకున్నాడు. ఆ ఫొటోలో ఉన్నది ఊళ్ల చుట్టూ తిరిగి పారేసినవి ఏరుకునే హుడెడ్ రాబందు. బరువు రెండు కిలోల చిల్లర. యుద్ధం చేసింది మనుషులు, కరువు తెచ్చింది మనుషులు, చెడ్డపేరు మాత్రం వెనక కూర్చున్న పక్షికి. ఇది అన్యాయమని నా తీర్పు.

రండి, మళ్లీ నవ్వుదాం. ఆఫ్రికా సఫారీల్లో సింహం, ఏనుగు వగైరా మహామహులు ఐదుగురి జాబితా మీరు వినే ఉంటారు. అనాకారులు ఐదుగురి జాబితా కూడా ఉందని తెలుసా? అందులో రెండు సీట్లు శవాలు తినే పక్షులవే: రాబందు, మరబూ కొంగ. ఇవి కనిపించలేదని గైడుతో పోట్లాడే పర్యాటకులున్నారు!

మరబూ కొంగకు మన అస్సాంలో అన్నగారు ఉన్నారు. పేరు హర్గిలా. ఎత్తు దాదాపు ఐదు అడుగులు, మెడ కింద వేలాడే సంచి, తల మీద రెండు వెంట్రుకలు. ఒకప్పుడు కలకత్తా మేడల మీద బారులు తీరి కూర్చునేది. కలకత్తా కార్పొరేషన్ పాత చిహ్నంలోకే ఎక్కింది. మనం వీధులు ఊడ్చే చీపురును చిహ్నంగా పెట్టుకోలేదు, వాళ్లు ఊడ్చే పక్షినే పెట్టుకున్నారు!

తర్వాత అదే హర్గిలాను అపశకునమని, గూడున్న చెట్లు నరికేయడం మొదలైంది. పూర్ణిమాదేవి బర్మన్ అనే పరిశోధకురాలు ఊళ్లోని ఆడవాళ్లను కూడగట్టి హర్గిలా సేన తయారుచేశారు. వాళ్లేం చేశారో తెలుసా? గూట్లో పిల్లలు పుట్టే వేళకు పక్షికి సీమంతం! చీరల మీద హర్గిలా బొమ్మలు నేసి కట్టుకున్నారు. 2022లో ఐక్యరాజ్య సమితి పురస్కారం వచ్చింది. 2023లో ఆ పక్షి ప్రమాదపు జాబితాలో మెట్టు దిగి ఊపిరి పీల్చుకుంది. సీమంతం ఫలించింది!

కాకిని మరిచిపోతే అది మనల్ని మరిచిపోదు. 2006లో సియాటిల్‌లో పరిశోధకులు ఆదిమానవుడి ముసుగు వేసుకుని కాకుల్ని పట్టి వదిలారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ ముసుగు కనిపిస్తే చాలు కాకులు తిట్టిపోశాయి. పోల్చి చూడటానికి ఇంకో ముసుగు వాడారు. అది అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చేనీది. ఆయన్ని కాకులు ఏమీ అనలేదు! గూళ్ల దగ్గర కెమెరాతో విసిగించే వాళ్లు ఆలోచించుకోండి.

గద్దను మామూలు పక్షి అనుకుంటున్నారా? ఆస్ట్రేలియాలో నల్ల గద్దలు కాలుతున్న పుల్లల్ని ఎత్తుకుపోయి వేరేచోట పడేసి మంటలు రేపుతాయని 2017లో పరిశోధకులు రాశారు. భయపడి బయటికి వచ్చిన ఎలుకలు, మిడతలు వాటికి భోజనం. సిడ్నీ మేనమామకు చెప్పకండి, రాబందులు లేవన్న బాధ మరిచిపోతాడు.

మీ ఫోన్లోనే మొదలుపెట్టండి. చేపల మార్కెట్ మీద తిరిగే ఇటుకరంగు రెక్కల, తెల్లటి తల పక్షి బ్రాహ్మణి గద్ద, మనవాళ్లు గరుడ పక్షి అని దండం పెట్టేది. ఇండోనేసియా రాజధాని జకార్తాకు అదే అధికార పక్షి! మీరు రోజూ బస్సు కోసం నిలబడే చోటే అది ఉచితంగా దర్శనమిస్తోంది.

గూళ్ల దగ్గరికి మాత్రం డ్రోన్ పంపకండి. పెద్ద రాబందు ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. మీ వీడియోకు వచ్చే లైకులు ఎన్నైనా ఆ గుడ్డు కన్నా తక్కువే.

సెప్టెంబరు మొదటి శనివారం ప్రపంచ రాబందుల దినం. మీ ఊళ్లో పశువుల డాక్టరు గారితో ఆ రోజు ఒక్క మాట అనండి: గేదెకు నొప్పుల ఇంజెక్షన్ వేస్తే మెలోక్సికామ్ వేయండి సార్, అని. ఎందుకని ఆయన అడిగితే ఏం చెప్పాలో... ఇప్పుడు మీకు తెలుసు!